నీరు నగరానికి.. నిరీక్షణ జిల్లాకు
సుంకిశాల సొరంగాలతో 462 అడుగుల వరకూ రాజధానికి కృష్ణా జలాలు
రెండు దశాబ్దాలైనా కొలిక్కిరాని ఎస్ఎల్‌బీసీ

పెద్దవూర: నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున, పెద్దవూర మండలం సుంకిశాల వద్ద కొండను నిలువునా తొలిచి ఒక భారీ బావి తవ్వారు. ఆ బావి నుంచి జలాశయం గర్భంలోకి మూడు ఎత్తుల్లో మూడు సొరంగాలు నిర్మించే పనికి 2022 మే 14న శంకుస్థాపన జరిగింది. హైదరాబాద్ మహానగరానికి ఎంతటి కరవు వచ్చినా తాగునీరు ఆగకూడదన్నది దీని లక్ష్యం. సాగర్ నీటిమట్టం 462 అడుగులకు పడిపోయినా ఇక్కడి నుంచి నీరు తోడుకోవచ్చు. నగరానికి సంబంధించినంత వరకు ఇది భరోసా కలిగించే ఏర్పాటే. అయితే సాగర్‌కు ఊళ్లను, పొలాలను అప్పగించిన నల్లగొండ జిల్లాకు ఈ సొరంగాల వల్ల ఒరిగేదేమిటి, పోయేదేమిటి అన్న లెక్క మాత్రం ఇంతవరకు ఎవరూ తీరికగా వేసినట్లు కనిపించదు.

ఇప్పటి దారి ఇదీ..
1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తిన తర్వాత ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. వరదను ఆపడానికి కట్టిన ఈ రెండూ నగరానికి దాహం తీర్చే చెరువులయ్యాయి. అవి చాలక మంజీరా, ఆ పైన సింగూరు. అవీ చాలకపోవడంతో చూపు కృష్ణా వైపు మళ్లింది. 2004లో మొదటి దశ, 2008లో రెండో దశ, 2015లో మూడో దశ పూర్తయ్యాయి. ఒక్కో దశలో రోజుకు 90 మిలియన్ గ్యాలన్ల చొప్పున మొత్తం 270 మిలియన్ గ్యాలన్లు. లీటర్లలో చెప్పాలంటే రోజుకు 120 కోట్ల పైమాటే. ఏడాదికి 16.5 టీఎంసీలు.

ఈ నీరు నగరానికి నేరుగా వెళ్లడం లేదు. పీఏపల్లి మండలం పుట్టంగండి వద్ద ఎలిమినేటి మాధవరెడ్డి ఎత్తిపోతల పథకం (ఏఎంఆర్‌పీ) పంపులు సాగర్ వెనుక జలాలను ఎత్తి పోస్తాయి. అక్కడి నుంచి అక్కంపల్లి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు, అక్కంపల్లి నుంచి కోదండాపురం శుద్ధి కేంద్రానికి, మళ్లీ పంపులతో నసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్ మీదుగా నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించి సాహెబ్‌నగర్ చేరుతుంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. నగరం 1,700 అడుగులకు పైన ఉంది. అంటే ప్రతి చుక్కా వెయ్యి అడుగులకు పైగా ఎక్కాలి. నల్లా తిప్పితే వచ్చే నీటి వెనుక ఎంత కరెంటు ఖర్చవుతున్నదో నగరవాసికి తెలిసే అవకాశం తక్కువ.

ఏఎంఆర్‌పీ పుట్టింది సాగు కోసం. 18 మెగావాట్ల సామర్థ్యంగల నాలుగు పంపులు, ఒక్కొక్కటి 600 క్యూసెక్కులు. జిల్లాలో రెండు లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు, ఉదయసముద్రం, దాని కింది చెరువులు, ఫ్లోరైడ్ పీడిత గ్రామాల మంచినీరు అన్నీ ఈ పంపుల మీదనే ఆధారపడి ఉన్నాయి. వాటికి నగరం దాహం కూడా తోడైంది. వానలు సకాలంలో పడి సాగర్ నిండిన ఏడు ఇబ్బంది లేదు. నీరు తగ్గిన ఏడు మాత్రం అక్కంపల్లిలో ఉన్నది ముందుగా నగరానికే ఉంచి, కాలువలకు ఆ తర్వాత వదలడం పరిపాటిగా మారింది. తాగునీటికే తొలి ప్రాధాన్యం అని జాతీయ జల విధానం చెబుతున్నది కనుక దీనిని తప్పుపట్టడానికీ లేదు. కాలువ చివరి రైతు నష్టపోవడం కూడా అంతే నిజం.

510 అడుగుల గీత
సాగర్ చర్చలో 510 అన్న అంకెకు ప్రత్యేక స్థానం ఉంది. ఇది జలాశయం కనీస నీటిమట్టం. ఈ మట్టం వద్ద సాగర్‌లో సుమారు 131 టీఎంసీలు నిల్వ ఉంటాయి. సాధారణంగా ఈ గీత దగ్గరకు వచ్చేసరికి కుడి, ఎడమ కాలువలకు సాగునీరు నిలిచిపోతుంది. పుట్టంగండి పంపులకు కూడా ఇదే హద్దు. అంతకంటే తగ్గితే జలాశయంలోకి అదనపు పంపులు దించి, నీటిని అప్రోచ్ కాలువలోకి తోడి, అక్కడి నుంచి మళ్లీ ఎత్తాలి. దీనినే అధికారులు అత్యవసర పంపింగ్ అంటారు. 2017లో ఈ అవసరం వచ్చింది. 2024 ఏప్రిల్‌లో మళ్లీ వచ్చింది. ఆ నెలలోనే కృష్ణా నది యాజమాన్య బోర్డు త్రిసభ్య కమిటీ సమావేశమై, సాగర్‌లో 500 అడుగుల వరకు ఉన్న కాస్త నీటిని రెండు రాష్ట్రాల తాగునీటికి పంచవలసి వచ్చింది.

సుంకిశాల వచ్చేది ఈ గీతను దాటడానికే. ఇప్పటి హద్దు కంటే 48 అడుగుల కింది వరకు తోడుకునే వీలు కలుగుతుంది. అత్యవసర పంపుల హడావుడి ఉండదు. సుంకిశాల నుంచి పైపులైన్ల ద్వారా నీరు సూటిగా కోదండాపురం చేరుతుంది. పుట్టంగండి, అక్కంపల్లిలపై నగరం భారం తగ్గుతుంది. జిల్లాకు దక్కే మేలు ఇదే, చిన్నదేమీ కాదు. ఏఎంఆర్‌పీ పంపులు తోడే ప్రతి చుక్కా ఇకపై జిల్లాకే చెందాలన్న వాదనకు బలం వస్తుంది. అయితే అది వాదనగానే మిగిలిపోతుందా, ఉత్తర్వుగా వస్తుందా అన్నదే చూడాలి.

నీటి పరిమాణం విషయంలో జిల్లాలో వినిపిస్తున్న భయాలు కొంత అతిశయోక్తితో కూడినవే. నగరానికి నెలకు కావలసింది 1.4 టీఎంసీల లోపే. వేసవి నాలుగు నెలలకు కలిపి 5.5 టీఎంసీలు. 131 టీఎంసీల ముందు అది పెద్ద వాటా కాదు. కనుక సుంకిశాల సొరంగాలు సాగర్‌ను ఎండగడతాయన్న మాట నిలవదు. అసలు చిక్కు వేరే ఉంది. ఇంతకాలం 510 వద్ద అందరూ ఒకేసారి ఆగేవారు. మిర్యాలగూడ ఆయకట్టు రైతుతోపాటు హైదరాబాద్ జలమండలి కూడా ఆకాశం వైపు చూసేది. నగరానికి కష్టం వస్తే ప్రభుత్వం కదిలేది, బోర్డు కూర్చునేది, ఎగువ నుంచి నీటి విడుదలకు ఒత్తిడి వచ్చేది. ఆ కదలికలో జిల్లాకూ నాలుగు చుక్కలు రాలేవి. రేపు నగరం కష్టం తీరిపోయాక, కేవలం ఆయకట్టు కోసం అంత తొందర కనిపిస్తుందా? ఎడమ కాలువ కింద తెలంగాణలో ఆరు లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉన్న జిల్లాలు వేయవలసిన ప్రశ్న ఇది.

2023 నవంబరు 30న జరిగినది కూడా మరువరానిది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు సాగర్ డ్యాంపైకి వచ్చి 13 గేట్ల వరకు తమ అధీనంలోకి తీసుకున్నారు. కుడి కాలువకు నీరు వదిలారు. చివరకు కేంద్ర బలగాలు వచ్చి డ్యాంపై నిలబడవలసి వచ్చింది. గేట్ల దగ్గరే ఇంత పేచీ ఉన్నప్పుడు, గేట్లతో పనిలేకుండా అడుగునుంచి తోడే సొరంగంపై పొరుగు రాష్ట్రం లెక్కలు అడగకుండా ఉంటుందని అనుకోలేము.

గోడ కూలిన వేళ
సుంకిశాల అన్న పేరు జిల్లాకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలోనే ప్రతిపాదన వచ్చి ఆగిపోయింది. 2022లో పనులు మొదలైనప్పుడు అంచనా రూ.1,450 కోట్లు. తర్వాత అది రూ.2,215 కోట్లకు చేరింది. మరుసటి వేసవికే నీరిస్తామన్నారు. ఆ వేసవి పోయింది, మరొకటీ పోయింది.

ఇలాంటి పనిలో కాలమే అసలు మేస్త్రీ. జలాశయం వైపు తవ్వే భాగాన్ని నీరు అడుగంటిన వేసవిలోనే చేయాలి. వరద వచ్చేలోగా సొరంగాలకు గేట్లు బిగించాలి, బావి గోడలు పూర్తి ఎత్తుకు లేచి గట్టిపడాలి. సాగర్ 590 అడుగులకు నిండితే 462 అడుగుల మట్టం మీద 128 అడుగుల నీరు నిలబడుతుంది. చదరపు మీటరుకు దాదాపు 39 టన్నుల ఒత్తిడి అన్నమాట. సగం కట్టిన గోడ ఆ బరువును మోయలేదు.

2024 ఆగస్టు మొదట్లో జరిగింది అదే. శ్రీశైలం గేట్లు ఎత్తడంతో సాగర్‌కు వరద పోటెత్తింది. సొరంగం గేటు వద్ద నీటి ఉద్ధృతికి పంపుహౌస్ పక్క గోడ కూలిపోయింది. బావి మునిగింది. కార్మికులు లోపల లేని సమయం కావడంతో ప్రాణనష్టం తప్పింది. ఈ సంగతి వారం రోజుల వరకు బయటకు పొక్కలేదు. వీడియో వెలుగులోకి వచ్చాకే ఉప ముఖ్యమంత్రి, మంత్రులు తరలివచ్చి పరిశీలించారు. లోపం గత ప్రభుత్వ హయాంలోనిదని అధికార పక్షం, ఇప్పటి ప్రభుత్వ నిర్లక్ష్యమేనని ప్రతిపక్షం పరస్పరం నిందించుకున్నాయి. కొందరు అధికారులపై సస్పెన్షన్ వేటు పడింది. విచారణకు ఆదేశించారు. నష్టాన్ని గుత్తేదారు భరిస్తారని చెప్పారు.

డబ్బు సంగతి అలా ఉంచితే, పోయిన కాలాన్ని గుత్తేదారు భరించలేడు. ఒక వరద సీజన్ మునిగితే పని మళ్లీ వచ్చే వేసవి దాకా ఆగాలి. రాష్ట్రంలోని అతిపెద్ద నగరానికి నీళ్లిచ్చే కట్టడంలో గోడ కూలిందన్న వార్త, గోడ పక్కనే బతుకుతున్న మండల ప్రజలకు వారం తర్వాత టీవీల్లో తెలియడం అంతకంటే విచారకరం.

సొరంగం కట్టాక కూడా..
నగరాల నీటి సొరంగాలు కట్టిన చోట్లనుంచి తెలుసుకోదగిన సంగతులు కొన్ని ఉన్నాయి. మన జిల్లా చేనేత కుటుంబాలు అనేకం స్థిరపడిన భివండీ దగ్గరి గుండవలి నుంచి ముంబయిలోని భాండుప్ వరకు 15 కిలోమీటర్ల నీటి సొరంగం ఉంది. ఠాణేలో ఎవరో వేసిన బోరు ఆ సొరంగానికి చిల్లు పెట్టింది. భూమి లోపల నూరు మీటర్లకు పైగా లోతున ఉన్న సొరంగాన్ని బోరు బండి తాకగలదని ఎవరూ ఊహించలేదు. మరమ్మతు నిమిత్తం 2023 మార్చి 31 నుంచి నెల రోజులు సొరంగాన్ని మూసివేసి, ముంబయికి 15 శాతం నీటి కోత విధించారు.

న్యూయార్క్ నగరానికి నీరందించే డెలావేర్ సొరంగం 137 కిలోమీటర్ల పొడవైనది. దశాబ్దాలపాటు అది రోజుకు కోట్ల లీటర్ల మేర కారింది. ఆ నీరు పోయింది నగరంలోకి కాదు, దారిలో ఉన్న వావర్సింగ్ అనే పల్లెలోని ఇళ్ల నేలమాళిగల్లోకి. ఒక్క చుక్క వాడుకోని వారు తడిసి ముద్దయ్యారు. హడ్సన్ నది కింద పక్కదారి సొరంగం తవ్వి, 2024లో పాతదాన్ని మూసి కొత్తదానితో కలపబోతే కరవు వచ్చి ఆ ఏడు పని ఆపవలసి వచ్చింది. ప్రత్యామ్నాయం లేకుండా ఒకే దారి మీద ఆధారపడితే దానిని బాగు చేయడానికి కూడా సందు దొరకదు.

హైదరాబాద్‌కు ఆ ప్రత్యామ్నాయం ఉంది. 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు వచ్చింది. మల్లన్నసాగర్ నుంచి మరో 20 టీఎంసీలు తెచ్చేందుకు రూ.7,360 కోట్లతో గోదావరి రెండు, మూడు దశల పనులకు 2025 సెప్టెంబరు 8న శంకుస్థాపన జరిగింది. అవి పూర్తయితే కృష్ణా మీద ఒత్తిడి తగ్గాలి. కరవు ఏడాదిలో గోదావరి నుంచి ఎక్కువ, కృష్ణా నుంచి తక్కువ తీసుకునే నియమం పెట్టుకోవడానికి అప్పుడు ఏ ఆటంకమూ ఉండదు. ఇంతవరకు అలాంటి నియమం గురించి మాట్లాడినవారు లేరు.

జిల్లా సొరంగం మాటేమిటి?
సుంకిశాల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా నల్లగొండ జనం నోట వెంటనే వచ్చే మరో మాట ఎస్ఎల్‌బీసీ. అది సహజం. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండల కింద దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వి, పంపులతో పనిలేకుండా నీటిని జిల్లాకు పారించాలన్నది ఆ పథకం. 30 టీఎంసీలు. మూడు లక్షల ఎకరాలకు పైగా సాగు, ఫ్లోరైడ్ గ్రామాలకు మంచినీరు. ఆ సొరంగం ఆలస్యమవుతుందనే పుట్టంగండిలో పంపులు పెట్టి ఏఎంఆర్‌పీని ముందుకు తెచ్చారు. తాత్కాలికమనుకున్న ఎత్తిపోతలే చివరకు శాశ్వతమైంది.

సొరంగం పనులు 2005లో అప్పగించారు. పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం. మధ్యలో ఎక్కడా పైనుంచి దారి తవ్వే వీలు లేదు. అందుకే దోమలపెంట వైపు నుంచి ఒకటి, మన్నెవారిపల్లి వైపు నుంచి ఒకటి, రెండు భారీ యంత్రాలతో తవ్వుకుంటూ వచ్చారు. సుమారు 34 కిలోమీటర్లు పూర్తయింది. తొమ్మిదిన్నర కిలోమీటర్లు మిగిలింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు 14వ కిలోమీటరు దగ్గర పైకప్పు కూలి, బురద, నీరు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఎనిమిది మంది చిక్కుకున్నారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్‌ల నుంచి పొట్టకూటికి వచ్చినవారు. ఇద్దరి మృతదేహాలే దొరికాయి. ఏప్రిల్‌లో గాలింపు నిలిపివేసే నాటికి ఆరుగురి జాడ తెలియలేదు. నల్లగొండకు నీళ్లు తెచ్చే పనిలో ప్రాణాలు పోయినది ఈ జిల్లా ముఖం కూడా సరిగా చూడనివారివి.

ఒక్క మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు మండలాల సంగతి తలచుకుంటే చాలు, ఈ సొరంగం ఎందుకింత ముఖ్యమో అర్థమవుతుంది. నీటిలో ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తొలగించే విధానానికి నీరి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు నల్లగొండ టెక్నిక్. జిల్లా పేరు ప్రపంచ పుస్తకాల్లోకి ఎక్కింది ఈ విధంగా. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో నల్లాల్లో కృష్ణా నీరు వచ్చి పరిస్థితి చాలావరకు మారింది, కాదనలేము. అయితే ఆ నల్లాల నీటిలో కూడా అధిక భాగం అక్కంపల్లి, ఉదయసముద్రం నుంచే రావాలి. అవి నిండాలంటే పుట్టంగండి పంపులు తిరగాలి. ఆ పంపులు తిరగాలంటే సాగర్ 510కి పైన ఉండాలి. నగరం కోసం 462 వరకు దారి వేసిన రాష్ట్రం, వంకర తిరిగిన ఎముకలతో ముసలితనం వెళ్లదీస్తున్న ఊళ్లను 510 దగ్గరే ఆపుతున్నది. రెండింటికీ అవసరం తాగునీరే.

సుంకిశాల బావి నుంచి కోదండాపురం చేరే నీటిలో జిల్లా తాగునీటికి కూడా ఒక గొట్టం కలపడం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. అక్కంపల్లి, కోదండాపురం రెండూ ఒకే మండలంలో ఉన్నాయి.

20 శాతం లెక్క, మూసీ వాసన
మరో విషయం కూడా లెక్కలోకి రావాలి. ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు కేటాయించిన బచావత్ ట్రైబ్యునల్, తాగునీటికి తీసుకున్న దానిలో 20 శాతాన్నే వినియోగంగా లెక్కించాలని చెప్పింది. మిగిలిన 80 శాతం వాడకం తర్వాత నదికి తిరిగి వస్తుందని దాని భావం. ఆ లెక్కన నగరం తీసుకునే 16.5 టీఎంసీల్లో రాష్ట్రం వాటా కింద పడేది 3.3 టీఎంసీలే. తెలంగాణ తన తాత్కాలిక వాటా 299 టీఎంసీలను కాపాడుకునేందుకు బోర్డు ముందు ఇదే వాదిస్తున్నది. వాదన న్యాయమైనదే.

కానీ ఆ 80 శాతం ఏ దారిన తిరిగి వస్తున్నది? మూసీ దారిన. నగరం మురుగంతా కలుపుకొని పోచంపల్లి, వలిగొండ పొలాల పక్కగా పారి, సూర్యాపేట వద్ద మూసీ ప్రాజెక్టులో ఆగి, దామరచర్ల మండలం వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. సాగర్ ఎగువన తేటగా ఎక్కిన నీరు, సాగర్ దిగువన నురగతో దిగుతున్నది. ఎక్కేదీ పాత నల్లగొండ జిల్లా నుంచే, దిగేదీ అక్కడికే. ట్రైబ్యునల్ కాగితంలో తిరుగు జలం అని రాసినది మూసీ ఒడ్డున నాట్లు వేసే కూలీ కాళ్లకు దురదగా తెలుస్తుంది. సుంకిశాల వల్ల నగరానికి నీరు నిరాటంకంగా అందితే మురుగు కూడా అంతే నిరాటంకంగా వస్తుంది. నగరానికి తెచ్చే ప్రతి గ్యాలనుకూ సరిపడా శుద్ధి కేంద్రాలు ముందుగా నిలబడాలని షరతు పెట్టవలసిన హక్కు ఎవరికైనా ఉందంటే మొదట ఈ జిల్లాలకే ఉంది.

ఉత్తర్వు కావాలి
సుంకిశాలను అడ్డుకోవాలని నేడు జిల్లాలో ఎవరూ గట్టిగా కోరడం లేదు. కోటి మంది బతికే నగరంలో పాతబస్తీ గల్లీల నుంచి ఎల్బీనగర్ కాలనీల దాకా మన జిల్లావారు ఇంటింటికీ ఉన్నారు. వారి కుండలో నీళ్లు పోయకూడదని ఎవరంటారు? అడుగుతున్నది మూడు ముక్కలు. సొరంగాలు పనిచేసిన రోజు నుంచి అక్కంపల్లి, ఏఎంఆర్‌పీ నీరు పూర్తిగా జిల్లాకేనని రాతపూర్వక ఉత్తర్వు రావాలి. 510కి దిగువన సాగర్ ఉన్నప్పుడు సుంకిశాల నుంచి తోడే నీటిలో జిల్లా తాగునీటికి ఎంత అన్నది అంకెతో సహా అందులో ఉండాలి. ఎస్ఎల్‌బీసీకి గడువు, దానికి ఏటా ఎంత డబ్బు అన్నది బడ్జెట్‌లో విడిగా కనిపించాలి.

మొదటి రెండింటికీ సొరంగం తవ్వనక్కరలేదు, సచివాలయంలో ఒక సంతకం చాలు. దానికి వరద సీజను అడ్డు రాదు. సాగర్ నిండుగా ఉన్నప్పుడే ఆ సంతకం సాధించుకోవాలని ఆయకట్టు రైతు సంఘాలు అంటున్నాయి. 510 దగ్గరకు వచ్చాక బోర్డు కమిటీ ముందు కూర్చునేది రెండు రాష్ట్రాల ఇంజినీర్లే. ఆ బల్ల దగ్గర జిల్లాకు కుర్చీ ఉండదు.